అన్నమయ్య ట్యూన్ పాడుచేశారా? ఏ ట్యూన్ సామీ?

ఏ ట్యూన్ సామీ? అసలు ఏ ట్యూన్ పాడైంది? ముందు అది చెప్పండి నాకు.

శనివారం సాయంత్రం తిరుపతి కచేరీలో జరిగిన గొడవ ఈపాటికి మీ ఫోన్లలోకి వచ్చే ఉంటుంది. కుర్రాళ్ల బ్యాండు, గిటారు, డ్రమ్స్, అన్నమయ్య పాట ‘నానాటి బతుకు నాటకము’ ఎత్తుకున్నారు. రెండో చరణం దాకా కూడా పోలేదు, ముందు వరుసలో ఒక పెద్దాయన లేచి, ఐదు వందల ఏళ్ల నాటి బాణీని నాశనం చేస్తున్నారు కదరా అని అరిచాడు. సగం హాలు ఆయనకే చప్పట్లు. నేను అక్కడే ఉన్నా, నోరు తెరవలేదు, ఆ కోపం ఇప్పుడు తీర్చుకుంటున్నా.

ఆదివారం పొద్దున్నే బస్సెక్కి కొండకి పోయా, దర్శనానికి కాదు, ఎస్వీ మ్యూజియానికి. లోపల సగం మంది దర్శనం అయ్యాక కాళ్లు పీకి, నీడ కోసం వచ్చినవాళ్లే, చేతిలో లడ్డూ సంచి, చూపు బెంచీ మీద. అన్నమయ్య పాటలు చెక్కిన రాగిరేకుల దగ్గర మాత్రం తోసుకునేవాళ్లే లేరు! అద్దానికి ముక్కు ఆనించి చూశా. పాట పైన రాగం పేరు, కింద పల్లవి, చరణాలు. అంతే. స్వరం లేదు. స, రి, గ, మ, ఒక్క అక్షరం లేదు!

మళ్లీ చెప్తా, రేకుల మీద స్వరం లేదు. అన్నమయ్య పోయింది 1503లో. రేకులేమో గుళ్లో హుండీ ఎదురుగా తాళ్లపాక అర అనే చిన్న గదిలో మూతపడి, 1922 దాకా లోకానికి పట్టకుండా ఉండిపోయాయి. 32,000 పాటలు రాశాడంటారు, దొరికినవి అందులో సగం కూడా లేవు, దొరికినవాటికి కూడా మాట దొరికింది గానీ పాట దొరకలేదు. మరి మనం వినేది? రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ గారు, నేదునూరి కృష్ణమూర్తి గారు, 2025 మార్చిలో పోయిన మన గరిమెళ్ల బాలకృష్ణప్రసాద్ గారు, ఇట్లాంటి మహానుభావులు కూర్చుని కట్టిన బాణీలు. పెద్దాయన ఏ పాటకి లేచాడో ఆ పాటకి మనందరికీ తెలిసిన రేవతి రాగం వరస నేదునూరి వారిది. ఆయన 2014 దాకా మన మధ్యే ఉన్నాడు. ఐదు వందల ఏళ్లా? మా నాన్న కంటే చిన్నది సామీ ఆ బాణీ!

స్వరం ఎందుకు రాయలేదు అంటే, నా లెక్క నాకుంది, పండితులు తిట్టుకున్నా పర్లేదు. రోజూ పాడే పాటకి స్వరం ఎవరు రాసుకుంటారబ్బా? మా అమ్మ సంగటి ఎట్లా కెలకాలో కాగితం మీద రాసి పెట్టిందా? పక్కన నిలబడి నేర్చుకోవాల్సిందే. కొండ మీద పాడేవాళ్లు ఉన్నన్నాళ్లు స్వరం గొంతులో ఉంది, గొంతులు పోయాయి, స్వరమూ పోయింది. మా ఇంట్లో ఇప్పుడు సంగటి ఉండలు కడుతోంది, అదే కథ.

అట్లని ఆ కుర్రాళ్లని నెత్తిన పెట్టుకోను. డ్రమ్ముల మోతలో సాహిత్యం ఒక్క ముక్క వినపడలేదు, ‘కానక కన్నది కైవల్యము’ అన్న మాటే మింగేశారు. అన్నమయ్య నుంచి మనకి ఖాయంగా దక్కింది ఆ మాటొక్కటే కదా, దాన్ని మింగితే నేను కూడా అరుస్తా. గిటారు తెచ్చారని మాత్రం అరవను. రాళ్లపల్లి వారికి లేని అడ్డం వీళ్లకెందుకు?

నిన్న లేచిన పెద్దాయన ఈ వీడియో చూస్తుంటే, సామీ, కోపం వద్దు. ఒక ఆదివారం కొండకి పోదాం రండి, బస్సు టికెట్ నాది. ఆ అద్దం ముందు నిలబడి మీరు స్వరం చూపించండి, ఈ వీడియో తీసేస్తా.