మా ఇంటి నరసింహస్వామి బిళ్ళ

అధ్యక్షులవారికి, సభలోని పెద్దలకు నమస్కారం. మా తాతగారి తాత కుంఫిణీ, అంటే ఈస్టిండియా కంపెనీ, పటాలంలో సిపాయిగా చేశారన్నది మా ఇంట్లో తరతరాలుగా చెప్పుకొంటున్న మాటే. ఊళ్ళో మా ఇంటిని ఇప్పటికీ సిపాయిగారి ఇల్లనే అంటారు. అయితే ఈ మాటకు నేను చూపగలిగిన సాక్ష్యం ఈ బల్లమీద ఉన్న ఒక్క వెండి బిళ్ళ.

నా చిన్నతనంలో ఈ బిళ్ళ మా పూజగదిలో, మంగళగిరి పానకాల స్వామి పటం పక్కన ఉండేది. దీనిమీద ఒక సింహం నిలబడి ఉంటుంది, దాని ముందు ఒక ఏనుగు మోకరిల్లి ఉంటుంది. సింహం కనబడితే మావాళ్ళకు నరసింహస్వామి తప్ప ఇంకెవరు తోస్తారు? మా నాయనమ్మ ప్రతి శనివారం చింతపండుతో తోమి, కుంకుమ బొట్టు పెట్టి, పానకం నైవేద్యం పెట్టేది. కింద చెక్కిన అక్షరాలు ఏవో బీజాక్షరాలని అందరూ అనుకునేవారు. అవి పారశీక లిపి అని గుర్తుపట్టి, అద్దం పెట్టుకుని చదివి పెట్టినవారు గుంటూరులోనే ఉన్న ఒక మౌల్వీగారు. ‘ఆవా ఏనుగు ఇంగ్లండు సింహానికి లొంగిపోయింది, 1826’ అన్నది దాని భావం. ఆవా అంటే అప్పటి బర్మా రాజధాని. అంటే మేము ఇన్నేళ్ళూ పానకం పెట్టింది సాక్షాత్తూ ఇంగ్లండుకన్నమాట.

ఇది 1824–26 నాటి మొదటి బర్మా యుద్ధంలో పాల్గొన్న దేశీయ సైనికులకు ఈస్టిండియా కంపెనీ ఇచ్చిన పతకం. సిపాయిలకు వెండివి ఇచ్చారు, అధికారి హోదా ఉన్నవారికి బంగారువి దక్కాయి. మా ఇంట్లో ఆయన జమేదారుగా, అంటే దేశీయ అధికారిగా, పనిచేశారని ఘనంగా చెప్పుకునేవారు. బిళ్ళ వెండిది కనుక, ఆ యుద్ధం నాటికి ఆయన జమేదారు కారనుకోవడమే న్యాయం. ఆ పదోన్నతి బహుశా ఆయనకు కుంఫిణీవారికన్నా మనవలే ఉదారంగా ఇచ్చి ఉంటారు.

ఆయన ‘రంగం’ వెళ్ళి వచ్చారని మా నాయనమ్మ అనేది. కోస్తా జిల్లాలవారికి రంగం అంటే రంగూనే. 1824 మే 11న కంపెనీ సేన రంగూనులో దిగేసరికి ఊరు ఖాళీగా ఉంది. బర్మావాళ్ళు జనాన్ని, పశువులను, పడవలను ముందే తరలించేశారు. ఆ వెంటనే వానాకాలం పట్టుకుంది. బియ్యం దగ్గరనుంచి ప్రతిదీ సముద్రం దాటి రావలసిన పరిస్థితిలో, పెద్ద పగోడా మెట్లమీద, మండపాల్లో తలదాచుకున్న సైనికులు జ్వరాలతో, విరేచనాలతో కుప్పలుగా రాలిపోయారు. ఆనాటి తుపాకి చెకుముకి రాయితో పేలేది. గిన్నెలోని రంజకం, అంటే నిప్పంటించే మందు, తడిస్తే అది చేతికర్రతో సమానం. మొత్తం ఆ యుద్ధానికి వెళ్ళిన సుమారు 40 వేల మందిలో 15 వేల మంది తిరిగి రాలేదని లెక్క, అందులోనూ ఎక్కువమందిని చంపింది శత్రువు కాదు, రోగాలు. మా తాతగారి తాత కత్తి దూసి బర్మా సేనాపతిని ఎదిరించారన్న కథను నేను చిన్నప్పుడు నోరు తెరుచుకుని విన్నాను. ఇప్పుడు నాకు ఆయన ఆ రెండు వానాకాలాలూ దాటి బతికి రావడమే అంతకన్నా పెద్ద సాహసంగా కనిపిస్తుంది.

మద్రాసు సిపాయిలనే ఎక్కువగా ఎందుకు పంపారన్నది ఇక్కడ చెప్పుకోవలసిన విషయం. బెంగాలు సేనలో అగ్రవర్ణాలవారు ఎక్కువ, సముద్రం దాటితే కులం పోతుందన్న భయమూ ఎక్కువ. ఆ భయానికి సామాన్ల రవాణా ఖర్చుల మీద కోపం కూడా తోడై, 1824 నవంబరులో కలకత్తా దగ్గరి బారక్‌పూర్‌లో 47వ పటాలం కదలనంటే ఫిరంగులతో కాల్చారు. మద్రాసు సేనలో తెలుగు, తమిళ, ముసల్మాను కుటుంబాలవాళ్ళు కలిసి ఉండేవారు. ఓడ ఎక్కడానికి వారికి అంత పట్టింపు లేదు. మద్రాసు గవర్నరుగా ఉన్న మన్రో దొర ఈ దండును సమకూర్చి పంపాడు. కుంఫిణీ సేనలో తెలుగువారు ఎంత ముందునుంచి ఉన్నారంటే, ఉత్తరాదిన సిపాయికే ‘తిలంగా’ అన్న పేరు పడిపోయింది; 1857లో ఢిల్లీవాళ్ళు తిలంగాలు అన్నది, తెలుగు ముక్క రాని అవధ్ సిపాయిలను.

ఈ చరిత్రలో నాకు అన్నిటికన్నా దగ్గరగా అనిపించేది ఆయన తుపాకి కాదు, ఆయన జీతం. సిపాయికి నెలకు 7 రూపాయలు. మద్రాసు సేనలో భార్యాబిడ్డలు పటాలం లైన్లలోనే కాపురం ఉండేవారు. మగవాళ్ళు ఓడ ఎక్కినప్పుడు జీతంలో కొంత భాగం ఇంటివాళ్ళకు ఇక్కడే ముట్టే ఏర్పాటు ఉండేది. ఆ డబ్బుతోనే మా ముత్తవ్వ ఆ రెండేళ్ళూ సంసారం ఈడ్చుకొచ్చిందని మా నాయనమ్మ చెప్పేది. ఆయన రోగిష్టిగా తిరిగివచ్చి, పింఛను పుచ్చుకుని ఊరు చేరిన కొన్నేళ్ళకు నందన నామ సంవత్సరం వచ్చింది. 1832–33 నాటి ఆ డొక్కల కరువులో గుంటూరు జిల్లాలోని సుమారు 5 లక్షల మందిలో 2 లక్షల మంది పోయారు. పొలం ఉన్నవాళ్ళే ఊళ్ళు వదిలి మద్రాసు దారి పట్టిన ఆ ఏడాది, పొలం లేని మా ఇంట్లో మాత్రం పింఛను రూపాయలు ఉన్నాయి. ‘మనం పింఛను గింజలమీద బతికిన వంశం’ అని మా తాతగారు అన్నం పారేసే పిల్లలను కోప్పడేవారు. జమేదారు కథను నేను వదిలేశాను గాని, ఈ మాటను వదలలేదు.

బిళ్ళను మీరు చేతిలోకి తీసుకుని చూడవచ్చు. ముందువైపు సింహం ముఖం చింతపండు తోముడుకు, వేళ్ళ రాపిడికి దాదాపు అరిగిపోయింది. వెనక్కి తిప్పండి. పీఠానికి ఆనుకుని ఉన్న ఆ వైపుకు పూజలు తక్కువ జరిగాయి, అందుకే రంగూను పగోడామీద దాడి బొమ్మ ఇంకా స్పష్టంగా ఉంది.