కొలవవచ్చు, చదవరాదు: కొత్త నగరం రాసుకునే తొలి నిబంధనలు

అధ్యక్షుల వారికీ, సభకు వచ్చిన మిత్రులందరికీ నమస్కారం.

అట్లాంటా శివార్లలో మన తెలుగు కుటుంబాలు స్థిరపడిన చోట్లలో చాలావరకు, మనలో కొందరు ఇల్లు కొనుక్కునే నాటికి నగరాలే కావు, కౌంటీ (జిల్లా వంటి విభాగం) పాలనలో ఉన్న కాలనీలు మాత్రమే. 2005 డిసెంబరు 1న శాండీ స్ప్రింగ్స్, సరిగ్గా ఏడాదికి జాన్స్ క్రీక్, మిల్టన్, 2008లో అదే తేదీన డన్‌వుడీ నగరాలయ్యాయి. 2024 మే నెలలో జరిగిన ఓటింగు తరువాత గ్విన్నెట్ కౌంటీలో మల్బరీ 2025 జనవరి 1న నగరమైంది. వీటి పుట్టుకకు కారణం పన్నులేనని చాలామంది అనుకుంటారు. పన్నుల గొడవ ఉన్నమాట నిజమే కాని, అంతకన్నా బలమైన కోరిక మరొకటి ఉంది. పక్కనున్న ఖాళీ స్థలంలో ఇళ్లు రావాలా, అపార్టుమెంట్లు రావాలా, పెట్రోలు బంకు రావాలా అన్నది దూరాన కూర్చున్న కౌంటీ కమిషనర్లు కాక తాము ఎన్నుకున్న కౌన్సిల్ తేల్చాలన్నదే ఆ కోరిక. మల్బరీ చాలా తక్కువ సేవలతో మొదలైన నగరమే అయినా, జోనింగ్‌ను, అంటే ఏ స్థలంలో ఏమి కట్టవచ్చో తేల్చే అధికారాన్ని మాత్రం తన చేతిలోకి తీసుకుంది.

జోనింగ్ అధికారాన్ని ఈ దేశంలో నిలబెట్టింది కూడా ఒక శివారు ఊరే. న్యూయార్క్ నగరం 1916లోనే సమగ్రమైన జోనింగ్ చట్టం చేసుకున్నా, అది రాజ్యాంగానికి లోబడినదేనా అన్న ప్రశ్న తేలింది మాత్రం 1926లో, క్లీవ్‌లాండ్ పక్కనున్న యూక్లిడ్ అనే గ్రామం కేసులో. ఆంబ్లర్ రియల్టీ అనే సంస్థకు అక్కడ 68 ఎకరాలు ఉన్నాయి. పరిశ్రమలకు అమ్ముకుందామని ఉంచుకున్న భూమిలో కొంత భాగాన్ని ఊరు ఇళ్లకే పరిమితం చేయడంతో సంస్థ కోర్టుకెక్కింది. సుప్రీంకోర్టు ఊరి పక్షాన తీర్పు చెప్పింది. ఆ తీర్పులో అపార్టుమెంట్లను ఇళ్ల మధ్యకు వచ్చి గాలీ వెలుతురూ తినేసే పరాన్నజీవిగా వర్ణించారు. కొత్త నగరాల విచారణల్లో అపార్టుమెంట్ల మాట వచ్చినప్పుడల్లా సభలో లేచే గుసగుస నాకు ఆ వాక్యాన్నే గుర్తుకు తెస్తుంది.

కొత్త నగరం తెల్లకాగితం మీద చట్టం రాసుకుంటుందని అనుకోకండి. మొదటి రోజున అది చేసే పని పాత కౌంటీ నిబంధనల పుస్తకాన్నే తన పేరుతో ఆమోదించడం. ఫుల్టన్ కౌంటీ పుస్తకంలో ఏజీ-1 అనే జోను ఉంది. పేరు వ్యవసాయానిది, ఆ జోనులో పండేవి మాత్రం ఎక్కువగా ఎకరం స్థలాల్లో ఇళ్లు. ఆ పేరు జాన్స్ క్రీక్, మిల్టన్ నగరాలకు వారసత్వంగా వచ్చింది. పేర్లు మాత్రమే కాదు, కౌంటీ వారు ఒక్కో స్థలానికి జోను మార్చినప్పుడు పెట్టిన షరతులు కూడా, అంటే ఇక్కడ చెట్ల వరుస ఉంచాలి, ఇటువైపు గేటు పెట్టరాదు వంటివన్నీ, భూమితోపాటే కొత్త నగరానికి సంక్రమిస్తాయి. పాత ఫైళ్లు తెరిచి, ఏ స్థలం మీద ఏ షరతు ఉందో పట్టిక వేసుకోవడం ఎవరూ చప్పట్లు కొట్టని పని; కాని తొలి ఏడాదిలో ప్లానింగ్ సిబ్బంది చేయగలిగిన అన్నిటికంటే విలువైన పని అదేనని నా అభిప్రాయం.

వారసత్వంలో ఆస్తితోపాటు అప్పు కూడా వస్తుందని మనవాళ్లకు వేరే చెప్పనక్కర్లేదు. ఉత్తర ఫుల్టన్ నగరాలకు వచ్చిన అప్పు హోర్డింగుల రూపంలో వచ్చింది. నగరాలు ఏర్పడక ముందే హోర్డింగుల కంపెనీలు కౌంటీకి దరఖాస్తులు పెట్టుకున్నాయి. కౌంటీ తన ప్రకటన బోర్డుల ఆర్డినెన్స్ (స్థానిక చట్టం) చూపించి తిరస్కరించింది. ఆ ఆర్డినెన్సే భావ ప్రకటన స్వేచ్ఛకు విరుద్ధమని కంపెనీలు కోర్టుకు వెళ్లాయి. 2007లో జార్జియా సుప్రీంకోర్టు ఒక కేసులో ఆ ఆర్డినెన్స్ చెల్లదని తేల్చింది. 2011లో మరో కేసులో అదే కోర్టు ఇంకొక అడుగు ముందుకు వేసింది: చెల్లని చట్టం లేని చట్టంతో సమానం కాబట్టి, దరఖాస్తు పెట్టిన రోజున అడ్డుకునే నిబంధన ఏదీ లేదు కాబట్టి, ఆ కంపెనీలకు పర్మిట్ల మీద హక్కు అప్పుడే ఏర్పడిపోయిందని చెప్పింది. ఈలోగా ఆ స్థలాలు కొత్త నగరాల హద్దుల్లోకి వచ్చాయి. నగరాలు తరువాత ఎంత జాగ్రత్తగా బోర్డుల చట్టం రాసుకున్నా, అది వెనక్కి వెళ్లి ఆ హక్కును చెరపలేకపోయింది. ఇప్పుడు పుట్టే నగరం ఏదైనా గ్రహించవలసిన సంగతి ఇక్కడే ఉంది: కౌంటీ పుస్తకాన్ని ఆమోదించే ముందు జోనింగ్ అధ్యాయాన్ని నిదానంగా చదువుకున్నా నష్టం లేదు గాని, బోర్డుల అధ్యాయాన్ని మాత్రం ఆ రాత్రే న్యాయవాది చేత చదివించాలి.

బోర్డుల నిబంధనలు అంత సులభంగా కోర్టులో కూలిపోవడానికి కారణం, రాసేవారికి బోర్డు మీది రాతను బట్టి వర్గాలు చేయాలనిపించడం. ఎన్నికల బోర్డుకు ఒక కొలత, ఇల్లు అమ్మకానికి ఒకటి, గుడికి దారి చూపే బోర్డుకు ఇంకొకటి. అరిజోనాలోని గిల్బర్ట్ పట్టణం అలాగే రాసుకుంది. సిద్ధాంతాలు చాటే బోర్డు 20 చదరపు అడుగుల దాకా, ఎంతకాలమైనా ఉండవచ్చు. కార్యక్రమానికి దారి చూపే బోర్డు మాత్రం 6 చదరపు అడుగులు మించరాదు, కార్యక్రమానికి 12 గంటల ముందు పెట్టి, అయిన గంటలోపు తీసేయాలి. సొంత భవనం లేక వారం వారం అద్దె స్థలాల్లో ప్రార్థనలు జరుపుకునే ఒక చిన్న చర్చి ఈ గంటల లెక్కలో పట్టుబడింది. 2015లో అమెరికా సుప్రీంకోర్టు న్యాయమూర్తులు తొమ్మిదిమందీ ఆ పట్టణానికి వ్యతిరేకంగానే తీర్పు ఇచ్చారు. ఆ చర్చి స్థితి మనకు కొత్త కాదు. మన ఉగాది సభలు, పిల్లల కూచిపూడి ప్రదర్శనలు కూడా బడి హాళ్లలోనే కదా, మలుపు మలుపుకూ బాణం గుర్తు బోర్డులు గుచ్చి అతిథుల్ని రప్పించుకునేది!

కాబట్టి నగరం బోర్డును కొలవవచ్చు, లెక్కపెట్టవచ్చు, రోడ్డు నుంచి ఎన్ని అడుగుల లోపల ఉండాలో చెప్పవచ్చు, దీపాలు ఉండవచ్చా, రాతలు మారే తెర ఉండవచ్చా అని నిర్ణయించవచ్చు. అందులో ఏమి రాశారో చూసి హక్కులు పంచిపెట్టడం మాత్రం మహా ప్రమాదం. నేను పెట్టిన శీర్షికకు ఒక సవరణ ఉంది, దాచడం న్యాయం కాదు. ఉన్న చోటి వ్యాపారాన్ని చాటే బోర్డునూ, వేరెక్కడో ఉన్నదాన్ని చాటే హోర్డింగునూ వేరుగా చూడవచ్చునని 2022లో టెక్సస్‌లోని ఆస్టిన్ నగరం కేసులో అదే కోర్టు ఒప్పుకుంది. ఆ తేడా తెలియాలంటే బోర్డు చదవక తప్పదు. అంత మాత్రాన అది భావాన్ని శిక్షించినట్టు కాదని మెజారిటీ అభిప్రాయం.

భాష మాట కూడా చెప్పాలి. మన రాష్ట్రాల్లో దుకాణం పేరు తెలుగులో ఉండాలని ప్రభుత్వ నిబంధన ఉంది, దాన్ని మనం అభిమానంగానే చూస్తాం. ఇక్కడ కాలిఫోర్నియాలోని పొమోనా నగరం దానికి అద్దంలో ప్రతిబింబం లాంటి నిబంధన తెచ్చింది: విదేశీ లిపుల్లో బోర్డు పెట్టుకునే దుకాణదారు సగం స్థలాన్ని ఇంగ్లీషు అక్షరాలకు కేటాయించాలని. 1989లో ఫెడరల్ కోర్టు దాన్ని కొట్టివేసింది. రేపు ఎవరైనా కిరాణా దుకాణం మీద తెలుగు అక్షరాలు రాయించుకుంటే వారిని కాపాడే తీర్పుల వరుసలో అది ముందుంటుంది.

ఇంటి ముందు గుచ్చే చిన్న బోర్డు సంగతి 1994లోనే తేలింది. మిస్సోరిలోని లడూ నగరంలో ఒక మహిళ గల్ఫ్ యుద్ధం వద్దంటూ ఇంటి ముందు బోర్డు గుచ్చితే నగరం అది నిషిద్ధమంది; తరువాత ఆమె గల్ఫ్‌లో శాంతి కోరుతూ కిటికీలో పెట్టుకున్న కాగితమంత బోర్డుకు కూడా నగరం నిబంధనలు అడ్డుపడ్డాయి. సుప్రీంకోర్టు ఏకగ్రీవంగా ఆమె పక్షాన నిలిచింది. అయితే ఈ రక్షణ ప్రభుత్వం నుంచే గాని మీ హెచ్‌ఓఏ (కాలనీ ఇళ్ల యజమానుల సంఘం) నుంచి కాదు. హెచ్‌ఓఏ అనేది ఇల్లు కొన్నప్పుడు మీరు సంతకం చేసిన ప్రైవేటు ఒప్పందం. అది మీ బోర్డు తీయించినప్పుడు కౌన్సిల్ సభ్యుడి మీద కోప్పడటం వృథా.

మన సంఘాల వారు ఈ నిబంధనలు రాసే దశలోనే గదిలో ఉండాలని నా కోరిక. జార్జియా చట్టం ప్రకారం జోనింగ్ ఆర్డినెన్స్ ఆమోదించే ముందు బహిరంగ విచారణ జరపాలి. దాని ప్రకటన విచారణకు కనీసం 15 రోజుల ముందు, 45 రోజులకు మించకుండా, పత్రికలో రావాలి. అనుకూలురకూ వ్యతిరేకులకూ తలా పది నిమిషాలకు తగ్గకుండా సమయం ఇవ్వాలి. పది నిమిషాలంటే ఒక్కొక్కరికి కాదు, ఒక పక్షానికంతటికీ కనీస పరిమితి. అందుచేత పదిమంది లేచి ఒకే మాట చెప్పేకంటే, ఇద్దరు సిద్ధపడి రావడం మేలు.

ఆ ఇద్దరూ ముసాయిదాలో జోన్ల పటం కన్నా ముందు నిర్వచనాల పేజీ తెరవాలి. "బోర్డు" అంటే ఏమిటని రాశారు? పండుగనాడు గుమ్మానికి కట్టే తోరణం, వరండాలో వేలాడే జెండా, దుకాణం అద్దానికి లోపలివైపు అంటించిన ధరల కాగితం అందులోకి వస్తాయా? "ప్రార్థనాలయం" నిర్వచనంలో మన ఆలయం పడుతుందా, పడితే ఏ జోన్లలో ప్రత్యేక అనుమతి అడుగుతారు, పార్కింగ్ లెక్క కుర్చీలను బట్టి వేస్తారా? కుర్చీలే లేకుండా నేల మీద కూర్చునే గుడికి ఆ లెక్క ఎలా కుదురుతుంది? ఈ ప్రశ్నలు ఆమోదానికి ముందు అడిగితే ఒక వాక్యం మార్చడంతో తీరతాయి. ఆమోదం తరువాత అడిగితే ఒక్కో స్థలానికి వేరియన్స్ (నిబంధన నుంచి మినహాయింపు) దరఖాస్తు, రుసుము, మళ్లీ విచారణ.