కోనీ ఐలండ్ కొయ్యగుర్రాలు

శ్రోతలకు నమస్కారం.

న్యూయార్క్ నగరంలో, బ్రూక్లిన్ దక్షిణపు అంచున, అట్లాంటిక్ ఒడ్డున ఉంది కోనీ ఐలండ్. 1900కు అటూ ఇటూ కొద్ది ఏళ్ళలోనే అక్కడ మూడు పెద్ద వినోదవనాలు దగ్గర దగ్గరగా వెలిశాయి. 1897లో స్టీపుల్‌చేజ్, 1903లో లూనా పార్క్, 1904లో డ్రీమ్‌ల్యాండ్. వేసవి ఆదివారాల్లో కుట్టుపని వాళ్ళు, కార్ఖానాల కూలీలు, గుమాస్తాలు, కొత్తగా ఓడ దిగిన వలస జనం వేలాదిగా అక్కడికి చేరేవారు. ఈ మూడింటిలో నా మనసు స్టీపుల్‌చేజ్ వైపే మొగ్గుతుంది. తక్కిన రెండూ జనానికి వింతలు చూపించాయి. స్టీపుల్‌చేజ్ జనానికి జనాన్నే చూపించింది.

దాన్ని కట్టిన జార్జ్ టిల్యూ ఆ తీరంలోనే పెరిగినవాడు. 1893లో చికాగో ప్రపంచ ప్రదర్శనకు వెళ్ళి, ఫెర్రిస్ అనే ఇంజనీరు కట్టిన 264 అడుగుల రాక్షస చక్రాన్ని చూశాడు. మన తిరనాళ్ళలో, నుమాయిష్‌లో తిరిగే జెయింట్ వీల్‌కు మూలపురుషుడు అదే. కొందామంటే దొరకలేదు. అందులో సగం ఎత్తు కూడా లేని, 125 అడుగుల చక్రం చేయించుకుని, అది వచ్చేలోపే ఖాళీ స్థలంలో బోర్డు పెట్టాడు: ప్రపంచంలోకెల్లా పెద్ద చక్రం ఇక్కడే రాబోతోందని! అబద్ధమే. అయినా జనం వచ్చారు.

అతని పేరు నిజంగా నిలబెట్టింది మాత్రం కొయ్యగుర్రాల పందెం. వంపులు తిరుగుతూ పోయే ఇనుప పట్టాలు, వాటి మీద చక్రాలున్న కొయ్యగుర్రాలు. ఎత్తు మీద నుంచి వదిలితే వాలు వెంట దూసుకుపోతాయి, మిట్టలెక్కి దిగుతాయి. గుర్రంలో ఇంజనేమీ లేదు, లాగేది భూమే. బరువైన జంట ఎక్కిన గుర్రానికి గాలీ రాపిడీ అంతగా అడ్డురావు కాబట్టి గెలిచే అవకాశం దానికే ఎక్కువ. ఒక్కో గుర్రం మీద ఇద్దరు ఎక్కవచ్చు. ముందు అమ్మాయి, వెనక ఆమెను పట్టుకుని అబ్బాయి. పెద్దల కళ్ళెదుట చెయ్యి పట్టుకోవడమే తప్పుగా ఎంచే రోజుల్లో, పడిపోకుండా పట్టుకోక తప్పని ఆట ఇది. టిల్యూ అమ్మింది వేగాన్ని కాదు, ఆ అనుమతిని.

మిగతా ఆటల్లోనూ అదే కిటుకు. నున్నగా పాలిష్ పెట్టిన పెద్ద చెక్క పళ్ళెం ఉంటుంది. దాని మధ్యలో అందరూ కూర్చుంటారు. పళ్ళెం తిరగడం మొదలుకాగానే అంచున ఉన్నవాళ్ళు ముందు జారిపోతారు, ఆ తర్వాత వాళ్ళ వెనకవాళ్ళు. నట్టనడుమ కూర్చున్నవాళ్ళు ఒక్కరే కాసేపు నిలుస్తారు. ఇంకొకటి, దొర్లుతూ ఉండే పెద్ద పీపా. అందులోంచి నడిచి అవతలికి పోవాలి. ముక్కూమొహం తెలియనివాళ్ళు కూడా ఒకరి మీద ఒకరు పడి నవ్వుకునేవారు.

గుర్రం దిగినవాళ్ళు బయటికి వెళ్ళేందుకు మరో దారి లేదు. ఒక వేదిక దాటాలి. కింది నుంచి ఒక్కసారిగా గాలి కొట్టి టోపీలు, గౌన్లు ఎగరగొట్టేది. విదూషకుడు వెంటపడి కరెంటు కర్రతో చురుక్కుమనిపించేవాడు. చూసి నవ్వే ప్రేక్షకులెవరు? అంతకుముందే ఆ దెబ్బ తిని వచ్చి కూర్చున్నవాళ్ళు! ఎంత తెలివైన ఏర్పాటో చూడండి, జీతం ఇవ్వనక్కర్లేని నటులు, డబ్బు కట్టి వచ్చిన నటులు. కానీ ఆ కరెంటు కర్రను నేను మెచ్చుకోలేను. పైగా గౌను ఎగిరినప్పుడు పడే సిగ్గు ఆడవాళ్ళదే. అక్కడ ఆట గీత దాటింది.

వేగం సంగతి కూడా కొంచెం చెప్పాలి. 1884లో లామార్కస్ థాంప్సన్ ఇదే తీరంలో కట్టిన వాలు రైలు గంటకు సుమారు 6 మైళ్ళు నడిచేది. టికెట్ 5 సెంట్లు. పెన్సిల్వేనియాలో బొగ్గు దించే గురుత్వ రైలు అప్పటికే విహారయాత్రలకు వాడుకలో ఉండేది. ఆ పద్ధతినే ఇతను సముద్రపు ఒడ్డుకు తెచ్చాడు. 1895లో మరొకరు పట్టాలను నిలువుగా గుండ్రంగా చుట్టారు. అచ్చమైన వలయం కావడంతో అడుగున ప్రవేశించగానే ఒత్తిడి ఒక్కసారిగా మెడల మీద పడి నొప్పులు పుట్టేవి. 1901లో వచ్చిన మరో బండికి ఆ చుట్టును కోడిగుడ్డు ఆకారంలో సాగదీశారు, బాధ తగ్గింది. అయినా ఎక్కేవాళ్ళకన్నా కింద నిలబడి చూసేవాళ్ళే ఎక్కువ.

లూనా పార్క్‌లో చంద్రయాత్ర ఉండేది. రెక్కలల్లాడించే ఓడ కదలకుండా అక్కడే ఊగుతుంటే, చుట్టూ బొమ్మలు గీసిన తెరలు జరిగేవి. దిగితే చంద్రవాసుల వేషాల్లో మనుషులు ఎదురొచ్చి ఆకుపచ్చ జున్ను పెట్టేవారు. రాత్రి అయ్యేసరికి రెండున్నర లక్షల విద్యుద్దీపాలు వెలిగేవి. ఇళ్ళలో ఇంకా గ్యాస్ దీపాలే వాడుతున్న జనానికి ఆ వెలుగే ఒక వినోదం.

అంతా చెక్క కట్టడాలు, తారు పూతలు కావడంతో నిప్పు భయం ఎప్పుడూ ఉండేది. 1907లో స్టీపుల్‌చేజ్ కాలిపోయింది. మర్నాడే టిల్యూ, కాలుతున్న శిథిలాలు చూడాలంటే 10 సెంట్లని బోర్డు పెట్టి, అంతకన్నా పెద్దది కడతానని ప్రకటించాడు. కట్టాడు కూడా! ఈసారి ఇనుముతో, గాజుతో, వానొచ్చినా ఆటలు ఆగని పెద్ద చావడి. 1911లో డ్రీమ్‌ల్యాండ్ కాలినప్పుడు మళ్ళీ కట్టేవారే లేకపోయారు. స్టీపుల్‌చేజ్ మాత్రం 1964 దాకా నడిచింది.

న్యూయార్క్, న్యూజెర్సీల్లో పిల్లల దగ్గరికి వెళ్ళే మనవాళ్ళు ఒక పూట అటు వెళ్ళిరావచ్చు, సబ్‌వే రైలు నేరుగా అక్కడికే పోతుంది. 1927 నాటి సైక్లోన్ అనే చెక్క రోలర్ కోస్టర్, 1920 నాటి వండర్ వీల్ అనే రాక్షస చక్రం ఇప్పటికీ నడుస్తున్నాయి. వండర్ వీల్ ఎత్తు 150 అడుగులు, పెట్టెలు 24. అందులో 16 పెట్టెలు చక్రం తిరుగుతుంటే లోపలి పట్టాల మీద ముందుకూ వెనక్కూ జారతాయి, తక్కిన 8 అంచునే నిలకడగా ఉంటాయి. వేటి వరస వాటిదే. కాబట్టి అమ్మమ్మల్ని, తాతయ్యల్ని తీసుకువెళ్ళినప్పుడు ఏ వరసలో నిలబడ్డారో ముందే చూసుకోండి.