ఇంటి క్యానింగ్ సీసా, గడువు దాటిన టిన్ను: ఏది తినవచ్చు, ఏది పారేయాలి?

నమస్కారం. క్యానింగ్ అంటే ఆహారాన్ని సీసాలోనో టిన్నులోనో మూత బిగించి, వేడి చేసి నిల్వ ఉంచడం. ఈ రోజు బల్ల మీద అలాంటివి మూడు ఉన్నాయి: మరిగే నీటిలో ఉంచి మూత బిగించిన టమాటా సీసా, ప్రెషర్ క్యానర్‌లో (ఆవిరి ఒత్తిడితో సీసాలను వేడి చేసే పెద్ద పాత్రలో) తయారైన బీన్స్ సీసా, గడువు తేదీ దాటిన ఫ్యాక్టరీ టిన్ను. చాలామంది ముందుగా తేదీనే చూస్తారు. నేనైతే మూత పడిన రోజున లోపలి ఆహారానికి ఎంత వేడి తగిలింది, అందులో పులుపు ఎంత ఉంది అని అడుగుతాను.

ఎందుకంటే ఇక్కడ భయపడవలసినది క్లాస్ట్రీడియం బొట్యులినమ్ అనే బ్యాక్టీరియాకు. మట్టిలో ఉండే దీని స్పోర్లు, అంటే విత్తనాల్లా నిద్రాణంగా ఉండే గట్టి రూపాలు, 100 డిగ్రీల మరిగే నీటిలో గంటల తరబడి ఉడికినా చావకపోవచ్చు. ఆ తరువాత గాలి చొరని, పులుపు తక్కువైన సీసాలో మొలకెత్తి ప్రాణాంతకమైన విషాన్ని తయారుచేస్తాయి. పులుపును కొలిచే పిహెచ్ (అంకె తగ్గేకొద్దీ పులుపు ఎక్కువ) 4.6 లేదా అంతకంటే తక్కువ ఉన్న చోట అవి పెరగలేవు కనుక పుల్లని పండ్లకు, జామ్‌లకు మరిగే నీరు చాలు.

టమాటా సరిగ్గా ఆ హద్దు మీదే ఉంటుంది. అందుకే అరలీటరు సీసాకు ఒక పెద్ద చెంచా నిమ్మరసం కలపాలి. అది కూడా సీసాల్లో అమ్మేదే వాడాలి, ఎందుకంటే ప్రతి కాయలోనూ పులుపు ఒకేలా ఉండదు. ఈ సీసాలో నిమ్మరసం కలిపారు కాబట్టి దీనికి నా ఆమోదం ఉంది.

బీన్స్, మొక్కజొన్న, మాంసం, చేపల వంటి వాటికి 116 నుండి 121 డిగ్రీల వేడి కావాలి, అది ఆవిరి ఒత్తిడితో మాత్రమే సాధ్యం. క్యానర్‌కు బరువు పెట్టే ముందు పది నిమిషాలు ఆవిరిని ధారాళంగా బయటకు వదలాలి. లోపల గాలి మిగిలిపోతే ముల్లు సరైన ఒత్తిడిని చూపినా వేడి మాత్రం తగ్గుతుంది. ఎత్తైన ప్రాంతాల్లో ఒత్తిడిని ఇంకా పెంచాలి. రోజూ వంట చేసే చిన్న కుక్కర్ దీనికి బదులు కాదు: అది త్వరగా వేడెక్కి త్వరగా చల్లారుతుంది, పరీక్షించిన వంటకాల్లోని సమయాలు మాత్రం పెద్ద క్యానర్ నిదానంగా వేడెక్కి చల్లారే కాలాన్ని కూడా లెక్కలోకి తీసుకున్నవి.

ఇక టిన్ను. ఫ్యాక్టరీలో సరిగ్గా వేడి చేసిన టిన్ను చెక్కుచెదరకుండా ఉన్నంత కాలం, తేదీ ప్రధానంగా రుచికి, రంగుకు సంబంధించినది. 1865లో మిస్సోరి నదిలో మునిగిన బెర్ట్రాండ్ అనే ఆవిరి ఓడ 1968లో దొరికింది. అందులోని డబ్బాల ఆహారాన్ని 1974లో పరీక్షిస్తే సూక్ష్మజీవుల పెరుగుదల కనిపించలేదు, విటమిన్ సి మాత్రం బాగా తగ్గిపోయింది. పులుపున్న టిన్నులను ఏడాదిన్నరలోపు, మిగిలినవాటిని 2 నుండి 5 ఏళ్లలోపు వాడుకోవడమే మేలు. అంచు అతుకు మీద సొట్ట, ఉబ్బు, కారడం, తుడిచినా పోని తుప్పు కనిపిస్తే తేదీ ఎంత కొత్తదైనా పారేయండి. నా చేతిలోని ఈ టిన్ను పైమూత నొక్కితే లోపలికి పోయి మళ్ళీ పైకి లేస్తోంది, కనుక దీన్ని తెరవను.

వాసన చూసి, నాలుకకు తగిలించి తేల్చుకోవద్దు. ఆ విషానికి వాసన గానీ రుచి గానీ ఉండదు. ఎలా తయారైందో తెలియని బీన్స్ సీసాను ఎవరు ప్రేమగా ఇచ్చినా తినకండి. అనుమానమున్న దాన్ని పిల్లలకు, జంతువులకు అందకుండా సంచిలో బిగించి పారేయండి. తిన్నాక చూపు రెండుగా కనిపించినా, కనురెప్పలు వాలినా, మింగడం కష్టమైనా వెంటనే ఆసుపత్రికి వెళ్ళండి: విరుగుడు మందు జరగబోయే నష్టాన్ని ఆపుతుందే గానీ, జరిగిపోయిన దాన్ని వెనక్కు తిప్పదు.