యూనివర్సిటీకి అసెంబ్లీతో ఏం పని?

అందరికీ నమస్కారమండి. అమెరికా చదువుల గురించి మాట్లాడుకోని ఇల్లు మన దగ్గర ఈ రోజుల్లో తక్కువే, ర్యాంకింగ్ ఎంత, ఐ-20 వచ్చిందా, వీసా స్లాట్ దొరికిందా, లోన్‌కి ఇంటి కాగితాలు పెట్టాలా, ఇవే మాటలు. కానీ ఆ యూనివర్సిటీలు నడవడానికి ఎవరి గుమ్మం తొక్కుతాయి, ఎవర్ని బతిమాలుకుంటాయి అన్నది మనం పెద్దగా పట్టించుకోం. అక్కడ స్టేట్ యూనివర్సిటీ అంటే మన ఉస్మానియా, ఆంధ్రా యూనివర్సిటీ లాగానే, రాష్ట్ర చట్టసభ పాస్ చేసిన బడ్జెట్లోంచి కొంత డబ్బు రావాల్సిందే. అందుకని పెద్ద యూనివర్సిటీల్లో ఎమ్మెల్యేలతో మాట్లాడటానికే జీతమిచ్చి పెట్టుకున్న మనుషులుంటారు, లాబీయిస్టులంటారు వాళ్లని, ఏ బిల్లు వస్తోంది, ఏ కమిటీలో ఉంది, ఎవరు అడ్డం పడుతున్నారు అని చూసుకోవడమే వాళ్ల డ్యూటీ.

ఇవాళ ఒక్క యూనివర్సిటీ కథ చెప్తాను, విస్కాన్సిన్. ఇదే ఎందుకంటే మనకి కాస్త చుట్టరికం ఉంది, వెల్చేరు నారాయణరావు గారు ఏళ్ల తరబడి తెలుగు సాహిత్యం చెప్పింది మాడిసన్‌లోని ఈ క్యాంపస్‌లోనే, హరగోవింద్ ఖొరానాకి 1968లో నోబెల్ వచ్చేనాటికి ఆయన పనిచేస్తున్నదీ ఇక్కడే.

మాడిసన్ ఊరు చూస్తేనే సగం సంగతి అర్థమైపోతుంది. స్టేట్ స్ట్రీట్ అని ఒక రోడ్డు, ఆ చివర చట్టసభ పెద్ద గుమ్మటం, ఈ చివర యూనివర్సిటీ, మధ్యలో సుమారు మైలు దూరం. కాఫీ తాగుతూ నడుచుకుంటూ వెళ్లిపోవచ్చు. రాష్ట్రం, యూనివర్సిటీ రెండూ ఒకే ఏడు పుట్టాయి, 1848లో.

మొదట్లో యూనివర్సిటీ ఆ గుమ్మటం దగ్గరికి ఎలా వెళ్లిందో చెప్పాలంటే పాల సంగతి చెప్పాలి. విస్కాన్సిన్ అంటే పాడి రాష్ట్రం, చీజ్ రాష్ట్రం. అప్పట్లో పాలకి తూకం చూసి డబ్బులిచ్చేవాళ్లు, దాంతో నీళ్లు కలిపినోడికి లాభం, మీగడ తీసేసి పోసినోడికి ఇంకా లాభం, నిజాయితీగా చిక్కటి పాలు పోసినోడు మాత్రం తలపట్టుకోవాలి. 1890లో స్టీఫెన్ బాబ్‌కాక్ అని ఇక్కడి వ్యవసాయ విభాగం ప్రొఫెసర్ ఒక పరీక్ష కనిపెట్టాడు. సన్నటి మెడ ఉన్న గాజు సీసాలో కాసిని పాలు పోసి, దాదాపు అన్నే సల్ఫ్యూరిక్ యాసిడ్ పోసి కలిపితే వెన్న తప్ప మిగతాదంతా కరిగిపోతుంది, సీసా పట్టుకోలేనంత వేడెక్కుతుంది, దాన్ని చేత్తో తిప్పే యంత్రంలో పెట్టి గిరగిరా తిప్పి వేణ్నీళ్లు పోస్తే వెన్న పైకి తేలి మెడలోకి వస్తుంది, మెడ మీద గీతలుంటాయి, ఎన్ని గీతల దాకా వచ్చిందో చూసి శాతం చెప్పేయడమే. పెద్ద చదువు అక్కర్లేదు, ఎవరైనా చెయ్యొచ్చు. దానికి ఆయన పేటెంట్ కూడా తీసుకోలేదు. ఇప్పుడు మన పల్లెల్లో పాలకేంద్రం దగ్గర క్యాన్ దించగానే ఫ్యాట్ ఎంతొచ్చింది అని అడుగుతాం చూడండి, ఆ అలవాటుకి తాతలాంటిది ఆ సీసా.

ఇప్పుడు అప్పటి విస్కాన్సిన్ పల్లెటూరి ఎమ్మెల్యే సంగతి ఆలోచించండి. తన నియోజకవర్గంలో ప్రతి రైతుకీ ఆ సీసా తెలుసు. యూనివర్సిటీ వాళ్లు బడ్జెట్ అడగడానికొస్తే, వీళ్లకెందుకియ్యాలి అని ఏ మొహం పెట్టుకుని అంటాడు? నా లెక్కలో ఏ లాబీయిస్టూ చెయ్యలేని పని ఆ సీసా చేసింది.

ఆ తర్వాత 1901లో రాబర్ట్ లా ఫాలెట్ గవర్నర్ అయ్యాడు, అదే యూనివర్సిటీలో చదువుకున్నవాడు, యూనివర్సిటీ ప్రెసిడెంట్‌గా వచ్చిన చార్లెస్ వాన్ హైజ్ ఆయన క్లాస్‌మేట్, ఇద్దరూ 1879 బ్యాచ్. ఇక చూస్కోండి, ప్రొఫెసర్లు మైలు నడిచి వెళ్లి చట్టాలు రాసిపెట్టడం మొదలైంది. ప్రభుత్వోద్యోగాల నియామకాల చట్టం 1905లో, కరెంటు గ్యాస్ కంపెనీల మీద కంట్రోల్ 1907లో, వీటి వెనకాల జాన్ కామన్స్ అనే ఎకనామిక్స్ ప్రొఫెసర్ చెయ్యి ఉంది. పనిలో దెబ్బతగిలిన కార్మికుడికి నష్టపరిహారం 1911లో వచ్చింది. నిరుద్యోగ భృతి చట్టం అమెరికా మొత్తంలో మొదట వచ్చింది కూడా ఇక్కడే, 1932లో, అది కామన్స్ శిష్యుల పుణ్యం. చార్లెస్ మెకార్తీ అనే ఆయన చట్టసభ కోసమే ఒక లైబ్రరీ పెట్టాడు, ఎమ్మెల్యే వచ్చి ఫలానా విషయం మీద వేరే రాష్ట్రాల్లో ఏ చట్టాలున్నాయి అంటే తీసి చేతిలో పెట్టేవాళ్లు, బిల్లు రాయడంలో సాయం చేసేవాళ్లు. చెప్పొచ్చేదేంటంటే అప్పుడు అడిగేవాళ్లు ఎమ్మెల్యేలు, చెప్పేవాళ్లు యూనివర్సిటీ వాళ్లు.

అలాగని అంతా సాఫీగా సాగిందని కాదు. అంతకుముందే 1894లో రిచర్డ్ ఎలీ అనే ప్రొఫెసర్ సమ్మెలకి, యూనియన్లకి సపోర్ట్ చేస్తున్నాడని రాష్ట్ర విద్యాధికారే ఫిర్యాదు చేస్తే విచారణ జరిగింది, చివరికి రీజెంట్లు, అంటే మన పాలకమండలి లాంటివాళ్లు, ఎలీ వైపు నిలబడి, నిజం తేలాలంటే భయం లేకుండా జల్లెడ పట్టాల్సిందే అన్న అర్థంలో ఒక తీర్మానం రాశారు, ఆ మాటలు ఇప్పటికీ క్యాంపస్‌లోని బాస్కమ్ హాల్ గోడ మీద కంచు ఫలకం మీద ఉన్నాయి. 1914లో ఇమ్మాన్యుయేల్ ఫిలిప్ అనే ఆయన ఈ ప్రొఫెసర్ల పెత్తనం, ఈ ఖర్చు ఏంటని ప్రచారం చేసి మరీ గవర్నర్‌గా గెలిచాడు. యూనివర్సిటీ రాజకీయాల్లో వేలు పెడుతోందన్న గొడవ అక్కడ ఇవాళ్టిది కాదు మరి.

ఇక మన కాలానికి వద్దాం. అక్కడ బడ్జెట్ రెండేళ్లకోసారి. పదహారు మంది సభ్యుల ఆర్థిక కమిటీ ఒకటి ఉంటుంది, వసంతకాలంలో ఊళ్లు తిరిగి జనం మాట వింటుంది, ఒక్కొక్కరికి రెండు మూడు నిమిషాలు, టైమైపోతే మైకు దగ్గర్నించి జరగాల్సిందే. ఆ లైన్లో స్టూడెంట్లుంటారు, పాత విద్యార్థులుంటారు, ఛాన్సలర్లూ, అంటే అక్కడ ఒక్కో క్యాంపస్‌ని నడిపే పెద్దలూ ఉంటారు, హాస్పిటల్ కావాలని వచ్చిన ముసలామె వెనకాల నిలబడి మా క్యాంపస్‌కి డబ్బివ్వండి అని అడుగుతారు. ఇప్పుడు అడిగేది ఎవరో చూశారుగా.

2015లో గవర్నర్ స్కాట్ వాకర్ యూనివర్సిటీ వ్యవస్థకి, అంటే మాడిసన్‌తో పాటు రాష్ట్రంలోని మిగతా క్యాంపస్‌లన్నిటికీ కలిపి, రెండేళ్లలో 30 కోట్ల డాలర్లు కోత పెడతానన్నాడు. దానికి తోడు బడ్జెట్ ముసాయిదాలో, చట్టంలో యూనివర్సిటీ లక్ష్యం కింద రాసి ఉన్న సత్యాన్వేషణ అన్న మాట కొట్టేసి, రాష్ట్రానికి కావాల్సిన ఉద్యోగులను తయారుచెయ్యడం అని పెట్టారు. పెద్ద గొడవైంది. అదేదో డ్రాఫ్టింగ్‌లో పొరపాటు అని వెనక్కి తీసుకున్నారు. మాటలు నిలిచాయి గానీ డబ్బు నిలవలేదు, కోత చివరికి 25 కోట్ల దగ్గర ఆగింది. పైగా రాష్ట్రం పిల్లలకి ఫీజు పెంచడానికి వీల్లేదని 2013 నుంచి ఫ్రీజ్ ఉండె. మరి లోటు ఎక్కడ పూడ్చుకుంటారు? బయటి రాష్ట్రాల పిల్లలు, విదేశీ పిల్లల ఫీజులు పెంచుకుంటూ పోయారు. మాడిసన్‌లో చట్టసభ తీసుకున్న నిర్ణయం గుంటూరులో ఎడ్యుకేషన్ లోన్ సైజు దాకా వచ్చిందంటే ఇలాగే.

అసలు కథ 2023ది. ఆ ఏడు డైవర్సిటీ ఆఫీసుల మీద గొడవ, అంటే నల్లజాతి పిల్లలకీ, ఇంకా మైనారిటీ వర్గాల పిల్లలకీ క్యాంపస్‌లో అండగా ఉండే ఉద్యోగాలన్నమాట. రిపబ్లికన్ల చేతిలో ఉన్న అసెంబ్లీకి స్పీకర్ రాబిన్ వాస్, ఆ ఉద్యోగాలు పోవాల్సిందే అని కూర్చున్నాడు. మిగతా ప్రభుత్వోద్యోగులకి మొదటి ఏడాది 4 శాతం, రెండో ఏడాది 2 శాతం జీతం పెంచి, యూనివర్సిటీ వ్యవస్థలోని సుమారు 35 వేల మందికి మాత్రం ఆపేశారు. క్లాసులు చెప్పేవాళ్లే కాదండి, హాస్టల్ ఊడ్చేవాళ్లు, క్యాంటీన్‌లో వండేవాళ్లు, ఆఫీసులో ఫైళ్లు చూసేవాళ్లు, అందరికీ. వాళ్లకీ ఈ గొడవకీ సంబంధమేంటి చెప్పండి? ఇంజనీరింగ్‌కి కొత్త బిల్డింగ్ కావాలని యూనివర్సిటీ అడుగుతోంది, అదీ ఆగింది.

యూనివర్సిటీ పెద్దలు వాస్‌తో చాటుగా మాట్లాడుకుని ఒక ఒప్పందానికొచ్చారు. జీతాల పెంపు, ఇంజనీరింగ్ బిల్డింగ్, ఇంకా ఇతర పనులు కలిపి మొత్తం సుమారు 80 కోట్ల డాలర్ల ప్యాకేజీ. బదులుగా 2026 చివరిదాకా కొత్త డైవర్సిటీ ఉద్యోగాలు పెంచకూడదు, ఉన్నవాటిలో 43 మందిని స్టూడెంట్లందరికీ సాయం చేసే పనికి మార్చాలి, మాడిసన్‌లో కన్జర్వేటివ్ ఆలోచనల మీద చెప్పే ప్రొఫెసర్ పోస్టు పెట్టాలి. డిసెంబర్ 9, శనివారం, రీజెంట్లు ఓటేస్తే 9-8 తేడాతో ఒప్పందం ఓడిపోయింది. ఆ తర్వాత ఎవరికి ఎన్ని ఫోన్లొచ్చాయో వాళ్లకే తెలియాలి, బుధవారం మళ్లీ కూర్చున్నారు, ముగ్గురు మనసు మార్చుకున్నారు, 11-6తో పాసైపోయింది. నాలుగంటే నాలుగు రోజులు.

నన్నడిగితే శనివారం వద్దన్నవాళ్ల మీద నాకు గౌరవం ఎక్కువ, కానీ బుధవారం సరేనన్నవాళ్లని తిట్టడానికి నోరు రాదు, 35 వేల ఇళ్లల్లో జీతం పెరగాలి మరి. నాకు కోపమొచ్చేది ఆ బేరం కుదిరిన తీరు మీద. స్టూడెంట్లకి, టీచర్లకి బేరం కుదిరిపోయాకే తెలిసింది. మైకు ముందు రెండు నిమిషాలు మాట్లాడి పోయినోళ్లకంటే మూసిన తలుపుల వెనకాల మాట్లాడినవాళ్ల మాటే నెగ్గింది.

మన దగ్గర ఇంత బాహాటంగా ఉండదు. వీసీ గారు, రిజిస్ట్రార్ గారు ఫైలు పట్టుకుని సెక్రటేరియట్‌కి వెళ్తారు, బ్లాక్ గ్రాంట్, అంటే ప్రభుత్వం యూనివర్సిటీ నడవడానికిచ్చే డబ్బు, ఎప్పుడు రిలీజవుతుందా అని ఎదురు చూస్తారు. శాసనమండలిలో పట్టభద్రులకీ టీచర్లకీ సీట్లున్నాయి, రాజ్యాంగమే 171వ ఆర్టికల్‌లో ఇచ్చింది, యూనివర్సిటీ టీచర్లు కూడా ఓటేస్తారు. కానీ ఆ ఎన్నికలప్పుడు పాంఫ్లెట్లలో పీఆర్సీ, పెన్షన్లు, నోటిఫికేషన్లు కనపడినంతగా యూనివర్సిటీ ల్యాబులు కనపడవు.

విస్కాన్సిన్‌లో 2025 బడ్జెట్‌కి యూనివర్సిటీ వ్యవస్థ 85 కోట్ల డాలర్ల పైచిలుకు అడిగింది, అందులో మూడో వంతు దాకా వచ్చింది, దాంతోపాటే టీచర్లు ఏడాదికి కనీసం ఇన్ని క్లాసులు చెప్పాలని చట్టంలో షరతు కూడా వచ్చింది. 2023 ఒప్పందం గడువు 2026 చివరిదాకానే, తర్వాతి బడ్జెట్ 2027లో. మీ పిల్లలెవరైనా అక్కడ చదువుతుంటే, ఆ సంవత్సరం ఫీజు కట్టే ముందు ఆ కమిటీలో ఏం జరుగుతోందో ఒక కన్నేసి ఉంచమనండి. ఉంటానండి మరి, నమస్కారం.