చేప రెక్క నుంచి చేతివేళ్ల దాకా

శ్రోతలందరికీ నమస్కారం.

ఈసారి తిరుపతి చేపల మార్కెట్లో బొచ్చెనో శీలావతినో కొంటే, కోయించే ముందు మొప్ప వెనకున్న రెక్కను విప్పి చూడండి. బయటికి కనిపించేదంతా సన్నటి పుల్లలు, వాటి మధ్య పల్చటి పొర. లోపలి ఎముకలు మొదట్లోనే, కండలో, చిన్న ముక్కలుగా ఆగిపోతాయి. మన చేయి అలా కాదు. భుజం నుంచి ఒక ఎముక, మోచేతి కింద రెండు, మణికట్టులో చిన్న ఎముకల గుంపు, ఆపైన వేళ్లు. పుల్ల ఒక్కటీ లేదు. మరి ఆ రెక్క ఈ చేయి ఎలా అయింది?

రాళ్లు కొంత చెప్పాయి. 2004లో కెనడా ఉత్తరాన ఎల్స్‌మియర్ దీవిలో టిక్టాలిక్ అనే చేప శిలాజం దొరికింది. వయసు సుమారు 37 కోట్ల 50 లక్షల ఏళ్లు. దాని రెక్క లోపల ఒక ఎముక, తర్వాత రెండు, ఆపైన మణికట్టు లాంటి అమరిక. అంచున మాత్రం ఇంకా పుల్లలే. సుమారు కోటి ఏళ్ల తర్వాతి అకాంతోస్టెగా అనే నాలుగు కాళ్ల జంతువుకు వేళ్లు వచ్చేశాయి, చేతికి ఎనిమిదేసి. అయితే ఎముక ఎలా తయారైందో శిలాజం చూపించలేదు. అందుకు గుడ్డులోకి చూడాల్సిందే.

మన చిత్తూరు, తిరుపతి కాలేజీ ల్యాబుల్లో ఇది చూడటం కష్టమేమీ కాదు. అంగట్లో కొన్న ఫారం గుడ్లు పనికిరావు. ఆ పెట్టల మధ్య పుంజు ఉండదు కాబట్టి గుడ్డులో పిండం ఉండదు. పుంజుతో తిరిగే నాటుకోడి గుడ్లు, పెట్టి వారం దాటనివి తీసుకోవాలి. 37.5 నుంచి 38 డిగ్రీల వేడిలో, పక్కన నీళ్ల గిన్నె పెట్టి, గుడ్డును అడ్డంగా పడుకోబెడితే పిండం పైకి వస్తుంది. మూడో రోజు కొనవైపు బెజ్జం చేసి, పచ్చసొనకు తగలకుండా సూదిని కిందికి వంచి, మూడు నాలుగు మిల్లీలీటర్ల తెల్లసొన లాగేయాలి. ఇది చేయకుండా పెంకు కోస్తే, పెంకు పొరకు ఆనుకున్న పిండం చిరిగిపోతుంది. చాలామందికి మొదటి గుడ్డు పాడయ్యేది ఇక్కడే. సొన తగ్గాక పిండం కిందికి దిగుతుంది, అప్పుడు పైన కిటికీ కోయొచ్చు. ఒంటికి రెండు పక్కలా చిన్న ఉబ్బులు కనిపిస్తాయి. నాలుగో రోజుకి ఇంకా స్పష్టం. రెక్క మొగ్గలు, కాలి మొగ్గలు అవే.

మైక్రోస్కోపు కింద మొగ్గ అంచు చూడండి. చర్మం అక్కడ చేనిగట్టు మాదిరి మందంగా ఉంటుంది. ఆ గట్టు నుంచి ఎఫ్‌జీఎఫ్ అనే ప్రోటీన్లు వస్తున్నంతసేపూ కింది కణాలు పెరుగుతూనే ఉంటాయి. 1948లో జాన్ సాండర్స్ అనే శాస్త్రవేత్త కోడి పిండంలో ఈ గట్టును కోసి తీసేశాడు. ముందుగా తీస్తే రెక్క భుజం ఎముక దగ్గరే ఆగిపోయింది. ఆలస్యంగా తీస్తే కొన మాత్రమే పోయింది.

చేప పిండంలోనూ అదే మొగ్గ, అదే గట్టు. అక్వేరియం అంగళ్లలో అమ్మే జీబ్రా చేపలో, 28.5 డిగ్రీల నీళ్లలో, ఒక రోజు దాటేసరికి మొగ్గ కనిపిస్తుంది. తేడా ఆ తర్వాతే. చేపలో గట్టు తొందరగా మడతపడి బయటికి సాగుతుంది. మడతలోకి చేరిన కణాలు పుల్లలు కడతాయి. కోడిలో, ఎలుకలో, మనిషిలో గట్టు అలా మడతపడదు, లోపలి ఎముకలే కొన దాకా సాగుతాయి. ఈ మడత ఎప్పుడు పడుతుందన్నదే కీలకమని 1991లో పీటర్ థొరోగుడ్ అనే శాస్త్రవేత్త ప్రతిపాదించాడు. ఆ ఆలోచన గొప్పదే, కానీ అదొక్కటే చాలదు. మడతను నిలబెట్టే పోగులకు కావలసిన యాక్టినోడిన్ జన్యువులు చేపల్లో ఉన్నాయి, నాలుగు కాళ్ల జంతువుల్లో లేకుండా పోయాయి.

ఇక వేళ్ల సంగతి. ఎలుకలో హాక్స్ ఎ13, హాక్స్ డి13 అనే రెండు జన్యువులూ పనిచేయకపోతే వేళ్లు రావు. 2016లో చికాగోలో నీల్ షూబిన్ బృందం జీబ్రా చేపలో హాక్స్ 13 జన్యువుల్ని దెబ్బతీసి చూసింది. పుల్లలు బాగా కురచబడ్డాయి, లోపలి చిన్న ఎముకల సంఖ్య పెరిగింది. అంటే మనలో వేళ్లను కట్టే జన్యువులే చేపలో పుల్లలకు కావాలి. దీన్ని పట్టుకుని పుల్లలే వేళ్లుగా మారాయని చెప్పేవాళ్లున్నారు, అది సరికాదు. పుల్ల నేరుగా గట్టిపడే ఎముక. వేలు ముందు మృదులాస్థిగా ఏర్పడి ఆ తర్వాత ఎముకవుతుంది. నేటి జీబ్రా చేప మనకు పూర్వీకురాలూ కాదు, దూరపు చుట్టం మాత్రమే.

ఆరు వేళ్లతో పుట్టిన బిడ్డను మన వైపు అదృష్టవంతుడంటారు. మొగ్గలో చిటికెన వేలి వైపు సోనిక్ హెడ్జ్‌హాగ్ అనే ప్రోటీన్ తయారవుతుంది. దాన్ని తయారుచేసే జన్యువును నడిపే స్విచ్, అంటే ఒక డీఎన్ఏ ముక్క, ఆ జన్యువుకు దాదాపు పది లక్షల డీఎన్ఏ అక్షరాల దూరంలో, అదే పోగు మీద ఉంది. అందులో ఒక్క అక్షరం మారినా ప్రోటీన్ బొటనవేలి వైపు కూడా తయారై అదనపు వేలు రావొచ్చు. 2016లోనే ఎలుకలో ఈ స్విచ్ తీసి పాముది పెడితే కాళ్లు మొండిగా మిగిలాయి. చేపది పెడితే కాళ్లు మామూలుగానే పెరిగాయి, వేళ్లతో సహా.