పది సెంట్ల బీరు, పాతికవేల మంది

తమ్ముడు: అక్కా, ఐపీఎల్‌లో ఎవడో గ్రౌండ్‌లోకి దూకి కోహ్లీ కాళ్ల మీద పడితేనే మనకి రెండు రోజులు అదే వార్త. మీ అమెరికాలో బేస్‌బాల్‌కి వెళ్లేవాళ్లు బుద్ధిగా కూర్చుని వేరుశెనక్కాయలు తింటారనుకున్నా.

అక్క: బుద్ధిగానా! 1974 జూన్ 4, క్లీవ్‌లాండ్. స్టేడియం చూస్తే అంత పెద్దది, జనం మాత్రం వచ్చేవాళ్లు కాదు. రప్పించడానికి యాజమాన్యం ఏం చేసిందో తెలుసా? మామూలుగా 65 సెంట్లుండే బీరు ఆ రాత్రి 10 సెంట్లకే అంది.

తమ్ముడు: ఎన్నైనా కొనుక్కోవచ్చా?

అక్క: ఒకసారికి ఆరు కప్పులే. మళ్లీ లైన్లో నిలబడితే మళ్లీ ఆరు.

తమ్ముడు: (నవ్వు) అదేం లిమిట్!

అక్క: 25,134 మంది వచ్చారు. అందరూ ఇదంతా బీరు మహిమే అంటారు కానీ నాకు అలా అనిపించదు. ఆ రాత్రి ఆట క్లీవ్‌లాండ్‌కీ, మా టెక్సస్ రేంజర్స్‌కీ మధ్య. అంతకు వారం ముందే ఈ రెండు టీములు మా డల్లాస్ పక్కనే ఆర్లింగ్టన్‌లో ఆడాయి. అక్కడ ఆటగాళ్లు కొట్టుకున్నారు. రేంజర్స్ అభిమానులు క్లీవ్‌లాండ్ వాళ్ల మీద బీరు కూడా పోశారు. ఇక ఆ వారమంతా క్లీవ్‌లాండ్ రేడియోలో రెచ్చగొట్టుడే. పగ ముందే రాజుకుంది, బీరు తర్వాత వచ్చింది.

తమ్ముడు: అగ్గికి ఆజ్యం అన్నమాట.

అక్క: మొదట్లో అంతా వెర్రి సరదానే. ఒకడు ఒంటిమీద నూలుపోగు లేకుండా పరిగెత్తుకొచ్చి, రన్ తీసేటప్పుడు ఆటగాళ్లు తాకే సెకండ్ బేస్ మెత్త మీదికి జారాడు. ఓ తండ్రీకొడుకులు గ్రౌండ్‌లోకొచ్చి ప్యాంట్లు దించి చూపించి పోయారు.

తమ్ముడు: తండ్రీకొడుకులా! వంశపారంపర్యం.

అక్క: తర్వాత ముదిరింది. ఫస్ట్ బేస్ దగ్గర ఫీల్డింగ్ చేసే రేంజర్స్ ఆటగాడు మైక్ హార్‌గ్రోవ్ మీద ఉమ్మారు, వైన్ జగ్గు విసిరారు. తర్వాత ఏళ్లకేళ్లు ఆ క్లీవ్‌లాండ్ టీమ్‌కే మేనేజర్‌గా, అంటే హెడ్ కోచ్‌గా, చేసింది ఆయనే, చూడు విచిత్రం! ఇంతలో చివరిదైన తొమ్మిదో ఇన్నింగ్స్‌లో క్లీవ్‌లాండ్ స్కోరు 5–5కి తెచ్చింది. ఇంకొక్క రన్ కొడితే గెలుపు. సరిగ్గా అప్పుడే ఒకడు దూకొచ్చి రేంజర్స్ ఆటగాడు జెఫ్ బరోస్ టోపీ లాక్కోబోయాడు. వాణ్ని తన్నబోయి బరోస్ కింద పడ్డాడు. దూరం నుంచి చూసిన రేంజర్స్ మేనేజర్ బిల్లీ మార్టిన్, మావాణ్ని కొట్టేశారనుకుని బ్యాట్ పట్టుకుని పరిగెత్తాడు. వెనకే టీమ్ అంతా.

తమ్ముడు: అయ్య బాబోయ్. జనం?

అక్క: చుట్టుముట్టేశారు. అప్పుడు క్లీవ్‌లాండ్ మేనేజర్ కెన్ ఆస్ప్రోమాంటే తన ఆటగాళ్లకి, పోయి వాళ్లని కాపాడండి అని చెప్పాడు. అప్పటిదాకా ప్రత్యర్థులు! సొంత అభిమానుల మీదికే బ్యాట్లతో వెళ్లారు. అంపైర్ నెస్టర్ చైలాక్‌కి తల పగిలింది. బేసులు కూడా పీక్కుపోయారు. ఇక ఆట ఎక్కడ? మ్యాచ్ రేంజర్స్‌కి ఇచ్చేశారు. అలా ఇచ్చేసిన ఆటకి రికార్డుల్లో వేసే స్కోరు 9–0.

తమ్ముడు: 96లో ఈడెన్ గార్డెన్స్‌లో కూడా ఇంతే కదా. సీసాలు విసిరి సీట్లు తగలబెడితే రెఫరీ క్లైవ్ లాయిడ్ మ్యాచ్ శ్రీలంకకి ఇచ్చేశాడు.

అక్క: అక్కడ మనం ఎలాగూ ఓడిపోతున్నాం రా. వీళ్లు గెలిచే ఆటని చేజేతులా పోగొట్టుకున్నారు.

తమ్ముడు: ఇప్పుడు మారిందా మరి?

అక్క: మైదానంలోకి దూకడం తగ్గింది. కానీ 2024 వరల్డ్ సిరీస్‌లో, అంటే బేస్‌బాల్ ఫైనల్లో, యాంకీ స్టేడియంలో, ముందు వరసలో కూర్చున్న ఇద్దరు అభిమానులు డాడ్జర్స్ ఆటగాడు మూకీ బెట్స్ గ్లవ్ పట్టుకుని బంతి లాగేశారు. మేజర్ లీగ్ స్టేడియాలన్నిటి నుంచీ వాళ్లని నిరవధికంగా నిషేధించారు. అభిమానిని శిక్షించడం తేలికే. క్లబ్బుల సంగతేంటి? చాలా స్టేడియాల్లో ఏడో ఇన్నింగ్స్‌తో బీరు అమ్మకం ఆపేస్తారు. 2023లో బంతి వేయడానికి గడువు పెట్టే పిచ్ క్లాక్ వచ్చాక ఆట దాదాపు పాతిక నిమిషాలు తగ్గింది. అమ్ముకునే టైమూ తగ్గిందని కొన్ని క్లబ్బులు ఎనిమిదో ఇన్నింగ్స్ దాకా పొడిగించాయి. మా రేంజర్స్ కూడా!

తమ్ముడు: ఆ రేంజర్సేనా!

అక్క: ఆ రేంజర్సే. ఫిలడెల్ఫియా టీమ్‌లో బంతి విసిరే పిచ్చర్ మాట్ స్ట్రామ్ అప్పుడే గట్టిగా అడిగాడు. ఏడో ఇన్నింగ్స్‌లో ఆపేది జనం మత్తు దిగి కారు నడుపుకుంటూ ఇంటికెళ్లడానికి కదా, ఆట తొందరగా అయిపోతుంటే ఆరో ఇన్నింగ్స్‌కే ఆపాలి గానీ ఎనిమిదికి పొడిగించడమేంటని.

తమ్ముడు: ఆటగాడికి తట్టింది, అమ్మేవాడికి తట్టలేదా?

అక్క: తట్టకేం రా. లెక్కలు వేసుకునే పొడిగించారు.